గుంటగలగర నూనె: నాలుగో వాయి

జనవరి 19

సంక్రాంతి సందడి తగ్గింది. పండగ జాకెట్లు, లంగాలు అన్నీ ఇచ్చేశాను. ఈ నోటుపుస్తకంలో ముందు వైపు ఊరందరి కొలతలూ ఉన్నాయి. వెనక వైపు నుంచి నూనె లెక్కలు రాద్దామని కూర్చున్నాను.

అసలు సంగతి ఆగస్టు చివరిది. మలేరియా వచ్చింది. చుట్టూ కొండలు, పైన వానలు, కింద దోమలు; మా పర్లాకిమిడిలో ఇదేమీ వింత కాదు. మాత్రలు వేసుకుని, పదిహేను రోజుల్లో మళ్లీ మిషను ముందు కూర్చున్నాను. నవంబరు వచ్చేసరికి జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెనకు నాలుగు పోగులు చుట్టుకోవడం కాదు, జడ వేసుకుంటే రిబ్బను జారిపోయేంత ఊడింది. అత్తయ్య చూసి, "గుంటగలగర నూనె కాచుకో అమ్మా. మా పాతపట్నంలో ఇంటింటా ఉండేది" అన్నారు. పాతపట్నం ఇక్కడికి ఆటో దూరమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు, ఆ ఊరు అటు పడ్డాయి. అత్తయ్య చెబుతుంటే మాత్రం అదొక వేరే దేశం, అక్కడి గట్ల మీద మొలిచిందే అసలైన గుంటగలగర.

ఆకు ఎంత, నూనె ఎంత అని అడిగాను. "గుప్పెడు ఆకు, సరిపడా నూనె" అన్నారు. ఎవరి గుప్పెడు? దేనికి సరిపడా? టేపు పట్టకుండా గుడ్డ మీద కత్తెర పెట్టని దాన్ని, ఈ కొలతతో నా వల్ల కాదు.

అందుకని ముందు ఒక లెక్క పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం తలంటుకుని, జుట్టు ఆరాక తెల్ల లైనింగు గుడ్డ పరిచి, దాని మీద దువ్వుకుని, రాలిన వెంట్రుకలు లెక్కపెట్టాలి. ఈ రోజు 214.

జనవరి 27

మహేంద్రతనయ నది వైపు పొలం గట్ల మీద సంచి నిండా ఆకు కోసుకొచ్చాను. అరుగు మీద పోసి ఏరుతుంటే పక్కింటి మావుసి, అంటే ఒడియాలో పిన్నిగారు, వచ్చారు. ఆవిడ ఒడియావారు, తెలుగు మాకంటే గట్టిగా మాట్లాడతారు. ఒక కొమ్మ ఎత్తి చూసి, "ఇది కేశదురా కాదు, వట్టి కలుపు" అన్నారు. కేశదురా అంటే ఒడియాలో గుంటగలగరే. నేను తెచ్చింది గడ్డిచామంతి.

రెండిటికీ తేడా ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గడ్డిచామంతి పువ్వు పొడవాటి కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది. మధ్యలో పసుపు బొత్తం, చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు. గుంటగలగర పువ్వు చొక్కా గుండీ అంత కూడా ఉండదు. మొత్తం తెలుపు, రేకులు సన్నని పోగుల్లా ఉంటాయి, ఆకు పంచనే పొట్టి కాడకు పూస్తుంది. తడి నేల వదలదు. పసుపు పూల రకం కూడా ఒకటి ఉంది, అది వేరే మొక్క.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష మావుసి చూపించారు. కాడ తుంచి రసాన్ని అరచేతికి రాయాలి. మొదట లేత ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ అంచుల నుంచి ముదిరి, కాసేపటికి సిరా ఒలికినట్లు నల్లబడుతుంది. నా చేతికి రాసింది రెండు రోజులు సబ్బుకు లొంగలేదు. పెళ్లివారి తెల్ల పట్టు ముట్టుకోవడానికి భయపడి చేతికి గుడ్డ చుట్టుకుని కుట్టాను.

మా ఊళ్లో ఒక మొక్క పేరు అడిగితే కనీసం రెండు భాషల్లో జవాబు వస్తుంది. నేలవేము ఒడియావాళ్లకు భూయినింబ, అడ్డసరం బాసంగ, వస బచ. కొండ నుంచి దిగిన సవర మహిళను అడిగితే మూడో పేరు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తూనే సవర భాష నేర్చుకున్నారు. నాకు ఇంకా ఒక్క ఆకు పేరు కూడా ఆ భాషలో రాలేదు, సిగ్గుగానే ఉంది.

ఫిబ్రవరి 2

మొదటి వాయి. ఫోనులో చూసిన వీడియో ప్రకారం పావు లీటరు నువ్వుల నూనెలో రెండు గుప్పిళ్ల ఆకు వేసి ఇరవై నిమిషాలు కాచి వడగట్టాను. ముదురాకుపచ్చ రంగు, చూడటానికి బ్రహ్మాండం. లెక్క 197.

ఫిబ్రవరి 15

సీసా మూత తీస్తే తడి గోనె సంచి వాసన. అడుగున తెల్లగా మబ్బులాంటి పొర. పారబోశాను.

జాకెట్లు కుట్టించుకునే ఒక ఆయుర్వేద వైద్యురాలిని అడిగితే నవ్వి, ఆకులోని నీరు నూనెలోనే ఉండిపోయిందని చెప్పారు. తడి మిగిలిన నూనె నిలవ ఉండదు. నూనెను కాచడం అంటే వేడి చేయడం కాదట, నీటిని మొత్తం వెళ్లగొట్టడం. శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో దీనికి ఖచ్చితమైన కొలత ఉందని చెప్పారు: నూరిన ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, రసం పదహారు వంతులు. నా పావు కిలో నూనెకు ముద్ద 62 గ్రాములు, రసం ఒక కిలో అన్నమాట. గుప్పెడు, సరిపడా అని కాకుండా వంతుల్లో మాట్లాడే మనిషి ఎవరో పాతకాలంలోనే ఉన్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

ఫిబ్రవరి 23

రెండో వాయి. కొలతలన్నీ సరిగ్గానే తీసుకున్నాను. కానీ ఒక కిలో రసం ఇగరాలంటే గంటలు పడుతుంది. పెళ్లి జాకెట్లు పది మిషను మీద ఉన్నాయి. మంట పెంచి అటు వెళ్లాను. ముద్ద అడుగంటి, మాడి, ఇంటి నిండా పొగ. అత్తయ్య ఏమీ అనలేదు. కిటికీ మాత్రం గట్టిగా తెరిచారు.

నూనె పాకాలు మూడట: ముక్కులో వేసుకునే నూనెకు మృదుపాకం, దాదాపు అన్నిటికీ పనికొచ్చేది మధ్యమపాకం, ఒంటికి మర్దనా చేసే నూనెకు ఖరపాకం. అది కూడా దాటితే దగ్ధపాకం, దేనికీ పనికిరాదు. నాది నేరుగా అక్కడికే చేరింది. పారేయబుద్ధి కాక దుకాణం షట్టరు గాడికి పూశాను. ఇప్పుడు చప్పుడు లేకుండా లేస్తోంది.

మార్చి 9

లెక్క 131. తగ్గుతోంది. వేరే పని మీద డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు జుట్టు సంగతి చెప్పాను. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు రాశారు, రెండూ బాగానే వచ్చాయి. పెద్ద జ్వరం తగిలితే చాలా వెంట్రుకలు ఒక్కసారిగా ఎదగడం మానేసి విశ్రాంతిలోకి వెళతాయట. అవి రెండు మూడు నెలల తర్వాత కట్టకట్టుకుని రాలుతాయి. కుదుళ్లు చావవు కాబట్టి కొన్ని నెలలకు వాటంతటవే మళ్లీ వస్తాయి. మామూలు మనిషికే రోజుకు 50 నుంచి 100 దాకా రాలుతాయని కూడా చెప్పారు. ఆగస్టు జ్వరం, నవంబరు జుట్టు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్ 20

లెక్క 58. నుదుటి మీద పసిపిల్లలకు ఉన్నట్లు పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. మావుసి చూసి, "చెప్పానా, కేశదురా మహిమ!" అన్నారు. అత్తయ్య వీధిలో నలుగురికి అప్పటికే చెప్పేశారు. నా దగ్గర రాసుకోవడానికి పనికొచ్చే నూనె ఇప్పటివరకు ఒక్క చుక్క కూడా లేదు. మొదటిది రెండు సార్లు రాసి కాలవలో పోశాను, రెండోది షట్టరుకు పూశాను. ఈ మాట చెబితే ఇద్దరూ వినలేదు. "ఆ రెండు సార్లే పనిచేశాయి" అన్నారు.

నూనె కాచడం మానేద్దామా అని ఒక పూట ఆలోచించాను. జుట్టు ఎలాగూ వచ్చింది. కానీ సరిగ్గా కుదరని జాకెట్టు విప్పదీయకుండా వదిలేసే అలవాటు లేదు.

మే 11

ఆడపడుచు కూతురు కాన్పుకు వచ్చింది, బాబుకు నెల రోజులు. అత్తయ్య వసకొమ్ము కాల్చి, సాన మీద అరగదీసి నాకిద్దామన్నారు, మాటలు త్వరగా వస్తాయని. పెరట్లో బురద బకెట్లో వస నేనే పెంచుతున్నాను కాబట్టి కొమ్ము అడిగింది నన్నే. నేను ఇవ్వలేదు. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. దాంతో ఎలుకల్లో కణుతులు రావడం చూసి 1968లోనే అమెరికాలో వసను ఆహారంలో వాడకూడదని నిషేధించారు. ఆపైన, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డాక్టర్లందరూ చెప్పే మాటే.

"నువ్వు మొక్క ఎందుకు పెంచినట్లు మరి?" అని అడిగారు అత్తయ్య. న్యాయమైన ప్రశ్నే. ఎండిన కొమ్ములు గుడ్డలో కట్టి దుకాణంలో పట్టు బట్టల మధ్య పెడతాను, పురుగు దరి చేరదు. అది చెబితే మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

జూలై 6

ఎండాకాలం గట్ల మీద గుంటగలగర ఎండిపోయింది. వానలు పడగానే వేళ్లతో సహా పది మొక్కలు తెచ్చి, రెండు పాత ప్లాస్టిక్ తొట్లలో చెరువు మట్టి వేసి నాటాను. అడుగున రంధ్రం ఒక్కటే పెట్టాను, తడి నిలవాలి కదా. నేలకు ఆనిన ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తోంది. పెంచడం గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు, వద్దన్నా పెరుగుతుంది.

ఆగస్టు 17

మూడో వాయి. మావుసి మాట మీద ఈసారి కొబ్బరి నూనె. సన్న సెగ మీద, పక్కనే కూర్చుని కాజాలు కుట్టుకుంటూ కాచాను. కుదిరింది! వాసన బాగుంది, తడి లేదు. సన్న మూతి సీసాలో పోశాను. లెక్క 49, దాన్ని నూనె ఖాతాలో వేయడం లేదు.

డిసెంబర్ 7

చలికి కొబ్బరి నూనె గడ్డకట్టి సీసాలోంచి రావడం లేదు. వేణ్నీళ్లలో పెట్టి కరిగించడం రోజూ ఒక పని. వెడల్పు మూతి సీసాలో పోయాలన్న ఇంగితం అప్పుడు లేకపోయింది. నాలుగో వాయికి మళ్లీ నువ్వుల నూనె.

తొట్లలోది కిలో, గట్టు మీద కోసింది కిలోన్నర: కాడ, ఆకు, పువ్వు అన్నీ కలిపి. మూడు నీళ్లు కడిగి, నీడన ఆరబెట్టి, కొద్దిగా నీళ్లు చిలకరించి రుబ్బి, పాత పంచె గుడ్డలో పిండితే సరిగ్గా కిలో రసం వచ్చింది. 62 గ్రాముల ఆకు విడిగా మెత్తగా నూరాను. పావు కిలో నూనెకు నాలుగు లీటర్లు పట్టే మందపాటి గిన్నె తీసుకున్నాను. రసం పొంగుతుంది, చివర్లో నూనె కూడా నురుగు కట్టి లేస్తుంది. చిన్న గిన్నె పెడితే పొయ్యి మీద పడి అంటుకుంటుంది.

ఆకు రసంతో కాచే నూనెను ఒక్క రోజులో ముగించకూడదట, మూడు రాత్రులు గడవాలట. కాబట్టి ఈ రోజు గంటన్నర కాచి, దించి, గుడ్డ కప్పి ఉంచాను.

డిసెంబర్ 10

రెండు రోజులూ గంటన్నర చొప్పున కాచాను. ఈ రోజు ముగింపు. మొదట గుబగుబ, తర్వాత చిటపట, ఆ తర్వాత చప్పుడు పలచబడుతూ వచ్చింది. మిషను శబ్దం వినే చెవికి ఇది సులువుగానే పట్టుబడింది. చెక్క గరిటెతో అడుగు నుంచి ముద్ద కొంచెం తీసి, చల్లారాక వేళ్ల మధ్య నలిపాను. జిగురుగా వేళ్లకు అంటుకుంది. మంట మీద పెడితే చిటచిట. ఇంకా తడి ఉంది.

పది నిమిషాల తర్వాత మళ్లీ. ఈసారి ముద్ద వేళ్లకు అంటలేదు, దీపం వత్తిలా సాగింది. మంటలో పెడితే చప్పుడు లేకుండా వెలిగింది. గిన్నెలో సన్నటి నురుగు పైకి లేచింది. నూనెకు నురుగు లేస్తే పాకం వచ్చినట్లు, నెయ్యికయితే నురుగు అణగాలి. వెంటనే దించాను, ఆ వేడికే ఇంకా ఉడుకుతుంది కాబట్టి.

గోరువెచ్చగా ఉండగా రెండు మడతల గుడ్డలో వడగట్టి, ఎండలో ఆరిన గోధుమరంగు వెడల్పు మూతి సీసాలో పోశాను. పెట్టిన నూనె 250 గ్రాములు, వచ్చింది 212. మిగతాది పిప్పి తాగేసింది. మోచేతి మడతలో ఒక చుక్క రాసి రేపటిదాకా చూస్తాను, దురద పుట్టకపోతే తలకు.

డిసెంబర్ 21

దురద లేదు. వారానికి రెండు సార్లు రాస్తున్నాను. చలికాలం పొడిబారి పొట్టు రాలే మాడు మెత్తబడింది, రాసిన రాత్రి నిద్ర కూడా బాగా పడుతోంది. లెక్క 52, అంటే ఆగస్టులో ఉన్నంతే.

మావుసి వాళ్ల అబ్బాయి టైఫాయిడ్ నుంచి లేచి రెండు నెలలయింది, దువ్వెన నిండా జుట్టు. నూనె అడిగారు. చిన్న సీసాలో 60 గ్రాములు పోసిచ్చి, ఇది రాసినా రాయకపోయినా వేసవికి జుట్టు వస్తుందని, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించమని చెప్పాను. సరేనని తల ఊపి, గడప దాటుతూనే అబ్బాయిని పిలిచి, "రోజూ రాసుకో, దీనికి జుట్టు తప్పకుండా వస్తుంది" అన్నారు.

సీసాలో 130 గ్రాములు మిగిలింది.