జ్వరం తగ్గింది, బుర్ర తేరుకోలేదు

2021 మేలో, రెండో వేవ్‌లో, నాకు కోవిడ్ వచ్చింది. ఆసుపత్రిలో చేరకుండానే పారాసెటమాల్‌తో, ఆక్సీమీటర్ చూసుకుంటూ గట్టెక్కాను. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

ఆగస్టు 16న మన ఆంధ్రాలో బడులు తెరిచారు. ఏళ్ల తరబడి లెక్కలు చెబుతున్నదాన్ని, బోర్డు మీద సమీకరణం సగం రాసి, తర్వాత ఏం రాయాలో తోచక నిలబడిపోయేదాన్ని. పిల్లల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. సాయంత్రమైతే గుండె దడ, ఊరికే ఏడుపు. మొదట చూసిన డాక్టరు "అంతా టెన్షన్, మనసు గట్టి చేసుకోండి" అని పంపేశారు. చుట్టాలు బాదంపప్పులు తినమన్నారు. ఇన్ని సలహాల్లో నా మాట వినేవాళ్లే లేరనిపించేది.

ఆ చలికాలంలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ముందు థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూశారు, వాటిలో తేడా ఉన్నా మతిమరుపు, నీరసం వస్తాయి కాబట్టి. అవన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత 30 మార్కుల పరీక్ష ఒకటి పెట్టారు. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించాలి. వందలోంచి ఏడు తీసేస్తూ పోవాలి. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది... అక్కడ ఆగిపోయాను. లెక్కల టీచర్‌ని! కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇది మతిమరుపు జబ్బు కాదమ్మా, మీరు కల్పించుకున్నదీ కాదు" అన్నారాయన. కోవిడ్ తర్వాత మిగిలిపోయే ఇలాంటి లక్షణాలకు ఆ అక్టోబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చిందని చెప్పారు. నయం చేసే మందంటూ లేదని కూడా దాచకుండా చెప్పి, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా తర్ఫీదు ఇచ్చేవారు) దగ్గరికి పంపారు.

ఆ అమ్మాయి నా చేత డైరీ రాయించింది: ఏ పని చేశాను, మర్నాడు ఎలా ఉంది. అప్పుడు తెలిసింది, శ్రమపడిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో కుప్పకూలుతున్నానని. ఓపికని నెలాఖరు జీతంలా చూసి ఖర్చుపెట్టమంది. అలసిపోయాక కాదు, అలసిపోకముందే ఆగాలి. కూరలు స్టూలు మీద కూర్చుని తరిగాను. పొయ్యి మీద ఏది పెట్టినా ఫోన్‌లో అలారం. పేపర్లో ఒక వార్త చదివి, కాసేపాగి మావారికి నా మాటల్లో చెప్పడం రోజూ ఉండేది. నడక మాత్రం మర్నాడు ఒళ్లు ఒప్పుకుంటేనే కొంచెం పెంచేదాన్ని. నాలా శ్రమ తర్వాత దిగజారేవాళ్లని "కాస్త గట్టిగా వాకింగ్ చెయ్యి" అని దయచేసి తొందరపెట్టకండి. భయానికి, నిద్రకి సైకాలజిస్టు సాయం విడిగా తీసుకున్నాను. అది లేకపోతే మిగతావి సాగేవి కావు.

అన్నిటికంటే పెద్ద మార్పు ఇంట్లో వచ్చింది. డాక్టరు మాట విన్నాక మా అత్తయ్యగారే గడియారం చూసి "నీ రెస్టు టైమైంది అమ్మాయ్, గిన్నెలు నేను చూసుకుంటాలే, పడుకో" అనేవారు.

తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది. మధ్యలో మళ్లీ వెనక్కి పోయిన వారాలూ ఉన్నాయి. ఇప్పుడు పీరియడ్లన్నీ చెబుతున్నాను, పాఠం వరస మాత్రం చీటీ మీద రాసుకునే క్లాసుకి వెళ్తాను. సాయంత్రం స్టడీ అవర్ ఇంకా ఒప్పుకోలేదు, హెడ్మాస్టరుగారూ బలవంతపెట్టలేదు.