ఇండై నియోజకవర్గం: ఒక్క అంకె వేస్తే ఓటు చెల్లదు

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న ఈ ఫెడరల్ నియోజకవర్గాన్ని మనవాళ్లు వచ్చిన కొత్తలో ‘ఇండి’ అంటారు. ఇక్కడివాళ్లు పలికేది ‘ఇండై’. వొడోంగా, వాంగరట్టా, బెనల్లా, మాన్స్‌ఫీల్డ్ లాంటి చిన్న పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేత భూములు, ద్రాక్షతోటలు, మంచు కొండలు. విస్తీర్ణం దాదాపు 29 వేల చదరపు కిలోమీటర్లయితే ఓటర్లు లక్షకు పైగా.

వలసకూలి ఇక్కడ కొత్త కాదు. వొడోంగా పక్కనే ఉన్న బొనెగిల్లా శిబిరంలో 1947 నుంచి 1971 దాకా మూడు లక్షలకు పైగా వలసదారులు దిగారు. ఓవెన్స్ లోయలో పొగాకు పండించింది ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలే. 2006లో ఆ సాగు ఆగిపోయింది. ఇప్పుడు రీజనల్ వీసాల (పెద్ద నగరాలకు బయటి ప్రాంతాల వీసాలు) మీద ఆసుపత్రుల్లో, ఏజ్డ్ కేర్‌లో (వృద్ధుల సంరక్షణ), ఫ్యాక్టరీల్లో పని చేయడానికి వచ్చేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ వీసాల్లో ఒకటైన 491 మీద మూడేళ్లు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాక ఇంకో ఏడాది, ఆ తర్వాత పౌరసత్వం. పీఆర్ ఉన్నంత మాత్రాన ఓటు రాదు. పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది, దాంతోపాటు ఊళ్లో ఓటూ పోతుంది. అంత విలువ చెల్లించి తెచ్చుకున్న ఓటు తప్పుగా నింపి పాడు కాకూడదు.

మనకు ఈవీఎం అలవాటు: ఒక మీట, ఒక బీప్, అయిపోయింది. ఇక్కడ ప్రతినిధుల సభకు ఆకుపచ్చ కాగితం ఇస్తారు. అందులో ఎందరు అభ్యర్థులుంటే అన్ని గళ్లలోనూ 1, 2, 3 అంటూ వరసగా అంకెలు వేయాలి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లే ఇక్కడ ఎక్కువగా పొరబడతారు. అక్కడ 1 ఒక్కటి వేసినా చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. టిక్కు పెట్టినా, ఒకే అంకె రెండుసార్లు పడినా, మధ్యలో అంకె ఎగిరిపోయినా ఓటు పోయినట్టే. తప్పు రాశారా, కొట్టేసి దిద్దకండి. ఆ కాగితం తిరిగిచ్చి కొత్తది అడగండి, ఇస్తారు. ఎగువ సభ సెనేట్‌కి ఇచ్చే పొడవాటి తెల్లకాగితం వేరు: గీతకు పైన పార్టీల గళ్లలో కనీసం 6 అంకెలు, లేదా గీతకు కింద అభ్యర్థుల గళ్లలో కనీసం 12.

అన్ని అంకెలూ ఎందుకో 2013 ఫలితం చూస్తే తెలుస్తుంది. లిబరల్ పార్టీ సోఫీ మిరాబెల్లాకి మొదటి ప్రాధాన్య ఓట్లు 45 శాతానికి కాస్త తక్కువ, స్వతంత్ర అభ్యర్థి క్యాథీ మెక్‌గోవన్‌కి సుమారు 31. మన పద్ధతిలో అయితే అక్కడితో తేలిపోయేది. ఇక్కడ ఎవరికీ సగానికి మించి రాకపోతే అడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేసి, వాళ్ల కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికుంటే వాళ్లకి కలుపుతూ పోతారు. అలా చివరికి మెక్‌గోవన్ 439 ఓట్ల తేడాతో గెలిచారు. లెక్కింపు మధ్యలో వాంగరట్టా ముందస్తు పోలింగ్‌లో ఆమెకు పడ్డ వెయ్యి ఓట్లు నమోదు కాలేదని బయటపడింది. తిరిగి సరిచూసే పద్ధతి లేకపోతే ఫలితమే మారిపోయేది. 2019లో హెలెన్ హేన్స్ గెలవడంతో, ఒక స్వతంత్ర సభ్యురాలి స్థానం మరో స్వతంత్ర సభ్యురాలికే దక్కింది. ఆమె 2022లోనూ 2025లోనూ నిలబెట్టుకున్నారు.

అంతకుముందు చాలాకాలం ఇది సంప్రదాయ పార్టీల కోట. 1901లో తొలి ఎంపీ ఐజాక్ ఐజాక్స్, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పుట్టిన తొలి గవర్నర్ జనరల్ అయ్యారు. స్వల్పకాలం ప్రధానిగా చేసిన జాన్ మెక్‌ఇవెన్ 1937 నుంచి 1949 దాకా ఇక్కడి సభ్యుడే. 1928లో మాత్రం కంట్రీ పార్టీ సిట్టింగ్ సభ్యుడు రాబర్ట్ కుక్ గడువులోగా నామినేషన్ వేయలేదు. లేబర్ పార్టీ పాల్ జోన్స్ పోటీ లేకుండానే ఎంపీ అయిపోయారు.

ఇక షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి. పోలింగ్ శనివారం, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా. ఆ రోజు డ్యూటీ ఉంటే ముందస్తు కేంద్రంలో వేసేయండి. కార్డులేవీ చూపక్కర్లేదు, వేలికి సిరా పూయరు. పేరు, చిరునామా, ఈ ఎన్నికలో ఇప్పటికే ఓటేశారా అని అడుగుతారు, అంతే. ఇల్లు మారితే కొత్త చిరునామాలో నెల నిండగానే జాబితాలో మార్పించుకోండి. ఎన్నికల ఉత్తర్వు వెలువడ్డాక ఏడో రోజు రాత్రి 8కి జాబితా మూసేస్తారు. వొడోంగాలో ఉంటూ ముర్రే నది దాటి ఆల్బరీలో పనిచేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆల్బరీ న్యూ సౌత్ వేల్స్, నియోజకవర్గం కూడా వేరు. పోలింగ్ రోజు అక్కడి మామూలు బూత్‌లో మీ ఓటు పడదు. వేరే రాష్ట్రం ఓటర్లకి ఏ కేంద్రంలో వీలుందో ముందే చూసుకోవాలి.

2019, 2022, 2025, మూడుసార్లూ ఎన్నికలు మేలోనే వచ్చాయి. మనకి అది పెళ్లిళ్ల కాలం, వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని ఊరెళ్లే కాలం. ఊరికి పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకుంటే రాకపోకల్లోనే రోజులు గడిచిపోతాయి. పోలింగ్ ముగిసేలోపు సాక్షి ఎదుట సంతకం చేయాలి, కవరు పోలింగ్ తర్వాత 13 రోజుల్లో ఎన్నికల సంఘానికి చేరాలి. విమానం ముందస్తు ఓటింగ్ మొదలయ్యాక ఉంటే ఓటు వేసే ఎక్కండి. అంతకుముందే వెళ్లిపోతుంటే, విదేశంలో ఉంటున్నట్టు ప్రయాణానికి ముందే ఎన్నికల సంఘానికి తెలియజేయండి. ఇక్కడ ఓటేయడం తప్పనిసరి కాబట్టి, లేకపోతే ఎందుకు ఓటేయలేదని నోటీసు వస్తుంది, సరైన కారణం చూపకపోతే జరిమానా 20 డాలర్లు.