బావి ఈత, సముద్రపు దారి

ఈ ఆదివారం అనంతపురంలో చెప్పుకోదగిన విశేషమేమీ జరగలేదు. అలవాటు కొద్దీ ఐదింటికే మెలకువ వచ్చినా, ఆరు నెలల తరువాత మొదటిసారిగా సైకిలు బయటికి తీయకుండా, దాని గొలుసుకు పట్టిన ఉప్పుపొరను పాతగుడ్డతో తుడిచి నూనె వేసుకుంటూ వసారాలో కూర్చున్నాను. ఆ ఉప్పు చెన్నై శివారు సముద్రానిది. సరిగ్గా వారం క్రితం ఇదే వేళకు అక్కడి ఇసుకలో, నలభై ఏళ్ల వయసులో, నా మొదటి ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ) మొదలయ్యే ఈల కోసం ఎదురుచూస్తూ వణుకుతున్నాను.

నేను ఎంచుకున్నది స్ప్రింట్ దూరం, అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్స్‌లో ఆడే దూరానికి ఇది సరిగ్గా సగం. అయినా నాకు రెండు గంటల ఆరు నిమిషాలు పట్టింది. నా వెనుక వచ్చినవారు చాలా కొద్దిమందే. ఆ కొద్దిమందిని తలచుకుని సంతోషించానని ఒప్పుకోవడానికి డైరీలో సిగ్గుపడనక్కరలేదు.

ఈత నాకు చిన్ననాటి విద్య. గార్లదిన్నె వైపున్న మా ఊరి బావిలో తాత నడుముకు బెండ్లు కట్టి నన్ను తోసేవాడు. వేసవి గడిచేకొద్దీ ఒక్కొక్క బెండూ తీసేసి, చివరికి ఒట్టి నడుముతో వదిలేవాడు. బావి ఈతలో తల ఎప్పుడూ నీటికి పైనే ఉంటుంది, ఎటు చూసినా నాలుగు బారల్లో గోడ కనిపిస్తుంది. పట్నంలో ఈతకొలనుకు వెళ్లడం మొదలుపెట్టాక శిక్షకుడు మూడు నెలలపాటు ఆ అలవాటునే మాన్పించాడు. తల ఎత్తితే నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి, నీటితో పెనుగులాట పెరుగుతుంది, ముఖం నీటిలో ఉంచి అడుగునున్న నల్లగీతను చూస్తూ ఈదమన్నాడు. చెప్పినట్లే చేశాను. ఆ గీత వెంట తిన్నగా వెళుతుంటే నాకు తిన్నగా ఈదడం వచ్చిందనే అనుకున్నాను.

సముద్రం అడుగున గీత ఉండదు. మొదటి అలలు దాటాక ముఖం ముంచి, నేర్చుకున్న విద్యనంతా ప్రదర్శిస్తూ కొంతసేపు ఈది, తల ఎత్తి చూస్తే నేను చేరవలసిన నారింజరంగు గుర్తు నా ఎదురుగా కాక ఎక్కడో ఎడమభుజం వెనుక తేలుతోంది. పడవలో ఉన్న కుర్రవాడు చేతితో దారి చూపించాడు. ఆ తరువాత ప్రతి ఏడెనిమిది బారలకొకసారి కళ్లు మాత్రం నీటిపైకి వచ్చేలా, మొసలి చూసినట్లు, తల కొద్దిగా ఎత్తి చూసుకుంటూ వెళ్లాను. తిరుగుదారిలో అల ఎత్తుకు ఆ గుర్తు కూడా కనబడకపోతే, దాని వెనుక ఒడ్డున నిలిచిన ఎత్తైన దీపస్తంభాన్ని ఆనవాలుగా పెట్టుకున్నాను. చేతి గడియారం లెక్క ప్రకారం 750 మీటర్లకు బదులు 910 మీటర్లు ఈదాను. శిక్షకుడు తప్పు చెప్పలేదు, తాతా తప్పు నేర్పలేదు; ఏది ఎప్పుడు వాడుకోవాలో నాకే తెలియలేదు.

నీటి నుంచి బయటపడ్డాక సైకిలు ఎక్కేలోపు ఆరు నిమిషాల నలభై సెకన్లు పోగొట్టుకున్నాను. బట్టలు మార్చుకునే వేళ గడియారం ఆగదని తెలుసు గానీ, ఇంట్లో ఒక్కసారైనా ఆ పని సాధన చేయాలని తోచలేదు. తడిపాదాలకు ఇసుక అంటుకుంది, మేజోడు మడమ దగ్గర మడతపడి ఎక్కనని మొరాయించింది, కూర్చుని తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఆ కంగారులో హెల్మెట్ పట్టీ బిగించుకోకుండానే సైకిలు మీద చెయ్యి వేయగానే పర్యవేక్షకురాలు ఆపేసింది. పట్టీ బిగించాకే సైకిలు ముట్టుకోవాలి, తిరిగి వచ్చి దాన్ని నిలబెట్టాకే పట్టీ విప్పాలి. ముందురోజు చెప్పిన నియమాల్లో ఇది మొదటిదే. ఆరు నెలల శిక్షణలో నేను వెయ్యి కిలోమీటర్లకు పైగా తొక్కాను గానీ, ఐదు నిమిషాలు మేజోళ్లు తొడుక్కోవడం అలవాటు చేసుకోలేదు.

సైకిలు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఉరవకొండ దారిలో, గాలిమరలు ఊరికే నిలబెట్టలేదని తెలిసేలా వీచే ఆషాఢపు ఎదురుగాలిలో తొక్కి అలవాటైనదానికి, ఆ తీరపు రోడ్డు సుఖంగానే అనిపించింది.

పరుగు దగ్గర మాత్రం నా గర్వం కరిగిపోయింది. అనంతపురం ఎండలో పెరిగినదాన్ని, చెన్నై ఫిబ్రవరి నన్నేం చేస్తుందన్న ధీమాతో వెళ్లాను. సైకిలు దిగిన మొదటి కిలోమీటరు కాళ్లు నావి కావన్నట్లు బరువుగా పడుతూ వచ్చాయి. అది అందరికీ జరిగేదే, అందుకే సైకిలు తొక్కిన వెంటనే కొంతదూరం పరుగెత్తడం సాధనలో భాగంగా ఉండాలంటారు. అసలు దెబ్బ ఉక్కపోతది. మా దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. అక్కడ గాలిలోనే తేమ నిండి ఉండటంతో చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట వల్ల ఒంట్లోని నీరూ ఉప్పూ పోతాయే తప్ప చల్లదనం రాదు. నేనేమో వేడి తగ్గడం లేదని దారిలో ఇచ్చిన మామూలు నీళ్లు కనిపించిన చోటల్లా తాగి, మూడో కిలోమీటరుకు కడుపులో కుండ మోస్తున్నట్లు నడకకు దిగిపోయాను. ఉప్పు చేరకుండా ఒట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం కూడా కావచ్చునని తెలిసినదాన్నే. పొలానికి వెళ్లే ప్రతి మనిషి చేతికీ ఉప్పు వేసిన మజ్జిగ చెంబు ఇచ్చి పంపే అమ్మ కడుపున పుట్టి, ఆ సంగతి సముద్రతీరంలో గుర్తుకు రాకపోవడం విడ్డూరమే.

మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి వెళ్లాను. మెడలో వేసి పంపిన పతకాన్ని అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "దుడ్లు గట్టి మరీ ఆయాసపడేదానికి అంత దూరం పోవల్లనా పాపా?" అని అడిగింది. ఈ ఆటలో పేరుమోసిన ఒక పోటీ పుట్టిన కథ చెప్పాను. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగుగాళ్లా, సైకిలు తొక్కేవాళ్లా అన్న వాదం తేల్చుకోవడానికి హవాయి దీవుల్లో 1978లో పదిహేను మంది ఐరన్‌మ్యాన్ అనే మహాదూరపు పోటీకి దిగితే పన్నెండు మంది పూర్తి చేశారని చెప్పాను. "మిగిలిన ముగ్గురూ తెలివిగలవాళ్లు" అంది అమ్మ, జొన్నలు చెరుగుతూ.

సాయంత్రం బస్సుకు ఇంకా వేళ ఉందని బావి దగ్గరికి నడిచాం. అందులో నీళ్లు లేవు. చుట్టుపక్కల బోర్లు లోతుకు దిగేకొద్దీ మా ఊరి బావులు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. మెట్ల మధ్య తుమ్మచెట్టొకటి గట్టును మించి ఎదిగింది. ఊరికే ఉండలేక గట్టు వెంట అంగలు వేసి కొలిచాను. అటు గోడకూ ఇటు గోడకూ మధ్య దూరం ఎనిమిది మీటర్లు ఉంటుంది. ఆ లెక్కన సముద్రంలో నేను ఈదవలసిన దూరం ఈ బావిలో తొంభై నాలుగు సార్లు అవుతుందని అమ్మకు చెప్పాను.

"మీ తాత ఉండింటే గట్టు మీద కూచోని లెక్కబెట్టేటోడు" అంది అమ్మ.