ఒరుసుకున్న చోట మళ్ళీ మళ్ళీ ఎందుకు తిరగబెడుతుంది

ఎండలు ముదిరాయంటే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా మందుల షాపు దగ్గర వినబడే మాట ఒకటుంది. "అన్నా, గజ్జల్లో మంట. ఆ మూడు మందులు కలిసిన ట్యూబు ఒకటియ్యి." ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన ట్యూబు అది. రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. తగ్గించింది స్టెరాయిడ్. అది చర్మం చేసే పోరాటాన్ని అణిచేస్తుంది కాబట్టి ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆపిన వారానికి రెట్టింపు మేర పాకుతుంది, మళ్ళీ అదే ట్యూబు. మడతల్లో చర్మం పలచన, పైగా మూసి ఉంటుంది. అందుకే మందు ఎక్కువగా ఇంకి, తొడల లోపలి వైపు చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. గాఢమైన స్టెరాయిడ్ క్రీములను 2018లోనే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారనేది వేరే సంగతి.

అసలు జబ్బు ఫంగస్‌తో మొదలుకాదు, తడితో మొదలవుతుంది. గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, పొట్ట మడత, కాలివేళ్ల సందులు: వీటికి గాలి తగలదు. చెమటకు నానిన పైపొర నడకలో రాసుకుని లేచిపోతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో గాలిలోనే తేమ, ఇక ఆ చెమట ఆరేదెప్పుడు? లేచిన చర్మం మీద తర్వాత ఫంగస్ చేరుతుంది. తడి సంగతి చూడకుండా ఎన్ని ట్యూబులు పిండినా తిరగబెడుతుంది.

సెల్‌ఫోన్ లైటు వేసి దగ్గరగా చూడండి. మడత లోపల పచ్చి మాంసంలా ఎర్రగా, తడిగా ఉండి, చుట్టూ విడివిడిగా చిన్న ఎర్ర పొక్కులు చల్లినట్టుంటే అది కాండిడా అనే ఒక రకం ఫంగస్. అంచు కాస్త ఎత్తుగా, పొట్టు రేగుతూ, మధ్యలో మానినట్టు గుండ్రంగా పాకుతుంటే తామర, అది ఇంకో రకం ఫంగస్. తామర మామూలుగా వృషణాల మీదికి పోదు, కాండిడా పోతుంది. దురద పెద్దగా లేకుండా గోధుమరంగు మచ్చగా పరుచుకుంటే అది ఫంగస్ కాకుండా బాక్టీరియా కావచ్చు. డాక్టరు వుడ్స్ ల్యాంపు (అతినీలలోహిత కాంతి దీపం) కింద చూస్తే పగడం రంగులో మెరుస్తుంది, దానికి మందు వేరు.

రసి కారుతుంటే మొదట రాయాల్సింది క్రీము కాదు. 400 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేట్ బిళ్ళ 4 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించాలి, రంగు లేత గులాబీ దాటకూడదు. కరగని పలుకు తగిలితే చర్మం కాలుతుంది. నూలుగుడ్డ ముంచి పది, పదిహేను నిమిషాలు వెయ్యాలి. రోజుకు రెండుసార్లు, రెండు మూడు రోజులు. చర్మం మీద గోధుమరంగు మరక పడుతుంది, భయం లేదు.

ఆరాక ఫంగస్ క్రీము: 1 శాతం క్లోట్రిమజోల్ లేదా 2 శాతం మైకోనజోల్, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు. చూపుడువేలి మొదటి గీత నుంచి కొస దాకా పిండితే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. రెండు గజ్జలకూ పూటకు అర గ్రామంటే 15 గ్రాముల ట్యూబు పదిహేను రోజులు. నెలంతా వచ్చిందంటే చాలకుండా రాస్తున్నట్టే. ఎరుపు అంచు దాటి బయటికి అంగుళం దాకా రాయాలి, కంటికి తగ్గినట్టు కనబడ్డాక కూడా మరో వారం, రెండు వారాలు ఆపకూడదు. తిరగబెట్టే కేసుల్లో సగం తప్పు ఇక్కడే అని నా లెక్క. ఒరుసుకునే చోట జింక్ ఆక్సైడ్ క్రీము పూయాలంటే ఫంగస్ మందు ఇంకాక, దాని పైన. క్రీము మీద పౌడరు చల్లొద్దు, అది పిండిముద్దై గరుకుగా రుద్దుతుంది. యాంటిసెప్టిక్ ద్రవం, నిమ్మరసం, సున్నం లాంటివి పుండును కాల్చడమే.

స్నానం తర్వాత తువ్వాలతో రుద్దకుండా అద్దాలి. ఫ్యాను కింద అయిదు నిమిషాలు మడత తెరిచిపెట్టి, ఆ తర్వాతే బట్టలు. రొమ్ముల కింద, పొట్ట మడతలో పాత నూలు చీర పీలిక పెట్టుకోవచ్చు. రెండు కొసలూ మడత బయటికి రెండంగుళాలు వచ్చి ఉండాలి. అప్పుడే చెమటను బయటికి లాగుతుంది. పూర్తిగా లోపల ఇరుక్కుంటే తడిపట్టీ వేసుకున్నట్టే. మూడు, నాలుగు గంటలకోసారి మార్చాలి.

మొలతాడు గురించి ఎవరూ అడగరు. స్నానం చేసిన ప్రతిసారీ అది తడుస్తుంది, ముడి దగ్గర సాయంత్రానికి కూడా ఆరదు. గజ్జల్లో తగ్గిన తామర నడుం చుట్టూ వచ్చిందంటే ముందు దాన్ని చూడండి. చికిత్స అయ్యేదాకా తీసేస్తే మేలు, తీయమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే వెండిది. లంగా బొందు బిగించి కట్టే చోటా ఇదే బాధ. వెడల్పు పట్టీ వేయించుకుని, కట్టే చోటు రోజూ కాస్త మార్చాలి.

రొయ్యల గుంటల్లో, వరినాట్లలో పనిచేసేవాళ్ళు గట్టెక్కగానే తడి నిక్కరు మార్చుకోవాలి, ఒంటి మీదే ఆరనియ్యకూడదు. కాలివేళ్ల సందులు వేలికి వేలు విడదీసి తుడవాలి. కార్తీకం వానల్లో మన వైపు బట్టలు ఆరవు. లోదుస్తులు తిరగేసి, కుట్ల మీద వేడి ఇస్త్రీ పెట్టండి. ఇంట్లో ఒక్కరికే మందు రాసి, తువ్వాలు నలుగురూ వాడితే లాభం లేదు. దురద ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి చికిత్స జరగాలి.

ఏడాదిలో మూడోసారి వచ్చిందంటే షుగరు పరీక్ష తప్పదు. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకు చక్కెర మూత్రంలో పోతుంది, అందుకే జననాంగాల దగ్గర కాండిడా తేలిగ్గా వస్తుంది. మాత్ర సొంతంగా మానెయ్యకుండా, రాసిన డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

నాలుగు వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోతే పొట్టు గీకి పరీక్ష చేయించాలి. మడతల్లో సోరియాసిస్ కూడా ఇలాగే కనబడుతుంది. మందు రాస్తూ పోతే పరీక్షలో ఫంగస్ దొరక్కపోవచ్చు, ఎన్నాళ్ళ ముందు ఆపాలో అడిగి వెళ్ళండి. ఈమధ్య టెర్బినఫైన్ అనే ఫంగస్ మందుకు లొంగని తామర దేశమంతా ఉంది, కాబట్టి నోటి మాత్రలు పక్కింటివాళ్ళ చీటీ చూసి మింగొద్దు. ఎరుపు గంటగంటకూ పాకుతూ, వేడిగా, నొప్పిగా ఉండి జ్వరం తగిలిందంటే, చీము వాసన వస్తుంటే, తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాల్సిందే.