పెట్టె నిండా తేనె ఉంది, తేనెటీగలే లేవు: నా అనుభవం

మూత తీసేసరికి గుండె జారిపోయింది. తేనె ఉన్నది ఉన్నట్టే ఉంది, పిల్ల ఈగలు పెరిగే, మూతలు వేసిన పిల్లగదులు కూడా ఉన్నాయి, రాణి చుట్టూ మాత్రం గుప్పెడు ఈగలు. అడుగున చచ్చినవి కూడా పెద్దగా లేవు. నెల క్రితం తేనెపట్టు కట్టే ఫ్రేము కనబడకుండా ఈగలతో కిక్కిరిసి ఉన్న పెట్టె అది. నాకున్నవే నాలుగు పెట్టెలు.

ముందు నా అనుమానమంతా పురుగుమందు మీదే. చుట్టుపక్కల ఎవరో పిచికారీ చేసి ఉంటారని తేల్చేసుకుని నాలుగు రోజులు అదే కోపంతో గడిపాను. కానీ మందు దెబ్బ ఒక్కసారిగా తగిలితే పెట్టె ముందు ఈగలు కుప్పలుగా పడి ఉంటాయి, చాలావాటికి నాలుక బయటికి వచ్చి ఉంటుంది. నా దగ్గర అలాంటిదేమీ లేదు. పురుగుమందులకు పాపం లేదని అనడం లేదు, తక్కువ మోతాదులో కూడా కొన్ని మందులు ఈగకు దారి మరిచిపోయేలా చేస్తాయి, ఐరోపా యూనియన్ 2018లో మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట పొలాల్లో వాడకూడదని నిషేధించింది కూడా. నా పెట్టెలో కనిపించిన గుర్తులు మాత్రం వేరే వైపు చూపిస్తున్నాయి.

2006-07 చలికాలంలో అమెరికాలో ఇలాగే పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయిపోయాయి, దానికి ఒకే ఒక్క కారణం అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అది చదివాక ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ రావడం తప్ప దారి లేదనిపించింది. కుంగినట్టున్న పిల్లగది మూతలో అగ్గిపుల్ల గుచ్చి లాగాను. పిల్ల పురుగులను కుళ్లబెట్టే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ రోగమైతే జిగురు తీగలా సాగుతుంది, దుర్వాసన వస్తుంది. సాగలేదు, వాసనా లేదు. మిగిలిన మూడు పెట్టెల్లో రాణులు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. పుప్పొడి మాత్రం తక్కువగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పురుగు, ఈగలు పుప్పొడి తిని తయారుచేసే తెల్లటి జెల్లీలో తేలుతూ ఉంటుంది, నావి గది అడుగున దాదాపు పొడిగా పడి ఉన్నాయి. చుట్టూ ఒకటే పంట, దాని పూత అయిపోయాక ఈగలకు పుప్పొడి దొరికే చోటు లేదు. పంచదార పాకం పోస్తున్నాను కదా అని ధీమాగా ఉన్నాను, పాకం పుప్పొడికి బదులు కాదు.

అసలు సంగతి పెట్టె గుమ్మం దగ్గర బయటపడింది. ఒక చిన్న ఈగ ఎగరలేక నడుస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే రెక్కలు నలిపి పారేసిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. అది రెక్కలను వంకర చేసే వైరస్, దాన్ని ఈగ నుంచి ఈగకు ఎక్కించేది వరోవా అనే నల్లి, ఈగల ఒంటికి అంటుకుని బతికే చిన్న పురుగు.

ఆ సాయంత్రమే మిగిలిన మూడు పెట్టెల్లో నల్లులను లెక్క పెట్టాను. పిల్లలున్న ఫ్రేము మీద నుంచి అర కప్పు ఈగలు తీసుకోవాలి, అంటే సుమారు 300. రాణి అందులో లేదని రెండుసార్లు చూసుకున్నాను. జల్లెడ మూత ఉన్న సీసాలో వేసి, రెండు చెంచాల పంచదార పొడి కలిపి, మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలాగి తెల్ల పళ్లెంలోకి దులిపాను. నీళ్లు చిలకరిస్తే పంచదార కరిగిపోయింది, ఎర్రటి గోధుమ రంగు చుక్కలు మిగిలాయి, వాటిలో కొన్ని పీతల్లా పక్కకి పాకుతున్నాయి. 21 తేలాయి. నూటికి 3 దాటితే ఆలస్యం చేయొద్దంటారు, నాకు 7 వచ్చాయి. రెండో పెట్టెలో 14 నల్లులు, మూడోదాంట్లో 5. తెల్లగా దులపరించుకుంటూ ఈగలు ప్రాణాలతో పెట్టెలోకి వెళ్లిపోయాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పి తీరాలి. ఖాళీ అయిన పెట్టెను వెంటనే మూయకుండా వదిలేశాను. మిగతా పెట్టెల ఈగలు అందులోని తేనె దోచుకున్నాయి, దాంతో పాటు నల్లులనూ మోసుకెళ్లి ఉంటాయి. మీ పెట్టె పోతే ఆ రోజే గుమ్మం మూసేయండి, దయచేసి.

నల్లి పిల్లలు పెట్టేది మూత వేసిన గదిలో, నల్లులను చంపడానికి వాడే ఆక్సాలిక్ ఆమ్లం ఆ మూత దాటి వెళ్లదు. అందుకని కొత్తగా గుడ్లు పెట్టకుండా మూడు రాణులనూ చిన్న పంజరాల్లో పెట్టి 25 రోజులు ఆగాను. గుడ్డు నుంచి కూలి ఈగ బయటికి రావడానికి 21 రోజులు, మగ ఈగకు 24, కాబట్టి అప్పటికి మూత వేసిన గది ఒక్కటీ మిగలదు. ఆ 25 రోజులు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు, కొత్త ఈగలు రావు, ఉన్నవి తగ్గిపోతుంటాయి. తర్వాత తేనె అరలు తీసేసి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, లేబుల్ మీద రాసిన మోతాదులోనే మందు పోశాను. మీ దగ్గర అనుమతి ఉన్న మందే వాడండి, సొంతంగా కలపొద్దు.

21 నల్లులు తేలిన పెట్టె దక్కలేదు. నల్లులు పోయినా, వైరస్‌తో పుట్టిన ఈగలు ఎక్కువ కాలం బతకలేదు. మిగతా రెండూ నిలబడ్డాయి. ఇప్పుడు నెలకోసారి పంచదార పొడితో లెక్క పెడుతున్నాను, పోయిన వారం ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 1. పెట్టెల దగ్గర వేర్వేరు కాలాల్లో పూసే మొక్కలు కూడా పెంచుతున్నాను. మొన్న ఫ్రేము ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తే పిల్ల పురుగులు జెల్లీలో తేలుతున్నాయి.