పుకెకొహె ఉల్లిపాయలు

ఆక్లాండ్‌లో మేం కొనే ఉల్లిపాయల సంచి మీద తరచూ కనిపించే ఊరి పేరు పుకెకొహె. మొన్న ఆదివారం మా ఆఫీసులో పనిచేసే, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీ జాతి ఆంటీతో (అందరికీ ఆంటీయే, అచ్చం మన దగ్గరలాగే) అక్కడికి వెళ్లాను. చేతికంటితే వదలని ఎర్రమట్టి.

1920ల్లో ఇక్కడి తెల్ల రైతులు 'వైట్ న్యూజిలాండ్ లీగ్' పెట్టారు. భారతీయులకూ చైనీయులకూ భూమి అమ్మొద్దు, కౌలుకివ్వొద్దు అని. మావోరీలకేమో సినిమా హాల్లో సీట్లు వేరు, 1952 నుంచి పిల్లలకు బడి కూడా వేరుగా ఉండేది.

మనవాళ్లూ మావోరీలూ ఒకే దెబ్బ తిన్నారు కదా అనుకుంటే సరిపోదు. భారతీయుల, చైనీయుల తోటల్లోనూ కూలికొచ్చిన మావోరీ కుటుంబాలు గోనెపట్టాల గుడిసెల్లో బతికాయి. పసిపిల్లలు జబ్బులతో పోయారు. మరోపక్క అవే తోటల్లో మావోరీలకూ మనవాళ్లకూ పెళ్లిళ్లూ జరిగాయి.

"మీవాళ్లు కూలిచ్చేవాళ్లు, మా అమ్మమ్మ గడ్డలు ఏరేది" అంది ఆంటీ, మామూలుగానే. నాకేం అనాలో తోచలేదు.

'మావోరీలకు అన్నీ ఫ్రీ' అంటూ మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్‌లు పెట్టేవాళ్లకు ఈ కథ పంపాలి. అడ్మిన్ మా బావమరిదే, అదే టెన్షన్!