బీరు హోల్‌సేల్ సంఘంలో నాయకుడు ఎలా తయారవుతాడు

తెలంగాణలో బీరుకి హోల్‌సేలర్ ఒక్కరే, సర్కారు వారి బెవరేజెస్ కార్పొరేషన్. ఆంధ్రలోనూ అంతే. 2025 జనవరిలో బకాయిలు రాలేదని, ధర సవరించలేదని యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకి సరఫరా ఆపేసినప్పుడు, బేరమంతా కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్యే నడిచింది. మధ్యలో మాట్లాడటానికి హోల్‌సేలర్ల సంఘం అనేదే లేదు.

అమెరికాలో లెక్క వేరు. 1933 డిసెంబరు 5న మద్యనిషేధం ఎత్తేశాక చాలా రాష్ట్రాలు మూడంచెల పద్ధతి పెట్టుకున్నాయి: తయారు చేసేవాడు, హోల్‌సేలరు, షాపు. మినహాయింపులు ఉన్నా, ఒక అంచెలో ఉన్నవాడు ఇంకో అంచెలో వేలు పెట్టకూడదన్నది మూలసూత్రం. అక్కడ గ్యాస్ స్టేషన్ నడిపే మనవాళ్ళకి ట్రక్కులో సరుకు దింపే డిస్ట్రిబ్యూటర్, అంటే ఈ హోల్‌సేలరే, బాగా తెలుసు. ఆ డిస్ట్రిబ్యూటర్ల జాతీయ సంఘం ఎన్‌బీడబ్ల్యూఏ, అంటే నేషనల్ బీర్ హోల్‌సేలర్స్ అసోసియేషన్. 1938లో పుట్టింది. ఆఫీసు వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో. నది దాటితే వాషింగ్టనే. అక్కడ ఆఫీసు పెట్టుకోవడం ఊరికే కాదు, వీళ్ళ వ్యాపారం నిలబడేదే చట్టాల మీద. బ్రూవరీ తనని ఇష్టం వచ్చినప్పుడు మార్చేయకుండా డిస్ట్రిబ్యూటర్‌ని కాపాడేది రాష్ట్రాల ఫ్రాంచైజీ చట్టం. ఆ చట్టం పోతే గోదాము, ట్రక్కులు మిగులుతాయి, వ్యాపారం మిగలదు.

ఈ కంపెనీల్లో చాలావాటిని రెండో తరమో మూడో తరమో నడుపుతోంది. కొడుక్కో కూతురికో రూట్లు తెలుసు, గోదాము తెలుసు. కమిటీలో కూర్చోవడం, సెనేటర్ ముందు మాట్లాడటం తెలియదు. అందుకే సంఘంలో కొత్త తరానికి విడిగా ఒక గ్రూపు ఉంది. అయితే శిక్షణ తరగతుల వల్ల నాయకులు తయారవుతారంటే నేను పెద్దగా నమ్మను. రాష్ట్ర సంఘంలో చిన్న కమిటీ పని అప్పగించి, మరుసటి సమావేశాల్లో శాసనసభ్యుడి దగ్గరికి పంపితే ఎవరికి పనికొచ్చే ఓపిక ఉందో తెలిసిపోతుంది.

ముందు లెక్కలు నోటికి రావాలి. బ్యారెల్ అంటే 31 గ్యాలన్లు. 12 ఔన్సుల డబ్బాలు 24 ఉన్న కేసు 2.25 గ్యాలన్లు. అంటే బ్యారెల్‌కి దాదాపు 13.78 కేసులు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఎక్సైజ్ పన్ను మామూలు రేటు బ్యారెల్‌కి 18 డాలర్లు, కేసుకి సుమారు 1 డాలరు 31 సెంట్లు, డబ్బాకి అయిదున్నర సెంట్ల లోపు. 20 లక్షల బ్యారెళ్ళ లోపు తయారుచేసే దేశీయ బ్రూవరీలకి మొదటి 60 వేల బ్యారెళ్ళ మీద మూడున్నర డాలర్లే. 2017లో తాత్కాలికంగా వచ్చిన ఆ తగ్గింపు 2020 చివర్లో శాశ్వతమైంది. బిల్లులో అంకె బ్యారెళ్ళలో ఉంటుంది, డిస్ట్రిబ్యూటరు కేసుల్లో ఆలోచిస్తాడు. ఆ మార్పు అక్కడికక్కడ చేయలేనివాడు మొదటి ప్రశ్నకే తడబడతాడు.

చట్టసభకి వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క కాగితం చాలు. పైన బిల్లు నంబరు, ఏం కోరుతున్నారో ఒక వాక్యం. కింద మీ కంపెనీ అంకెలు: ఉద్యోగులు ఎంతమంది, ట్రక్కులెన్ని, ఆ నియోజకవర్గంలో మీరు సరుకు వేసే షాపులెన్ని. జాతీయ అంకెలు చట్టసభ సభ్యుడి దగ్గర ఎలాగూ ఉంటాయి, తన నియోజకవర్గంలోవి ఉండవు. ముగ్గురు నలుగురు వెళ్ళండి, ఆ నియోజకవర్గం మనిషే మాట్లాడాలి. దొరికేది పదిహేను ఇరవై నిమిషాలు, చాలాసార్లు దొరికేది సభ్యుడు కాదు, స్టాఫరు, అంటే ఆయన ఆఫీసు ఉద్యోగి. కుర్రాడు కదా అని చులకన చేస్తే పని చెడుతుంది; బిల్లు మీద నోట్ రాసేది అతనే. తెలియని ప్రశ్న వస్తే "కనుక్కుని చెప్తాం" అనండి, మర్నాటికల్లా చెప్పండి. ఊహించి చెప్పిన అంకె తప్పని తేలితే, ఆ ఆఫీసులో మీ మాటకి విలువ పోతుంది.

బీరు కేసు బహుమతిగా పట్టుకెళ్ళకండి. ప్రతినిధుల సభలో 50 డాలర్ల లోపు బహుమతులకి ఉన్న మినహాయింపు లాబీయిస్టులకీ, వాళ్ళని పెట్టుకున్న సంస్థలకీ వర్తించదు. ఆ గదిలో చందా ఊసు కూడా ఎత్తకూడదు. ఫెడరల్ భవనంలో ఎన్నికల విరాళం అడగడం, అందుకోవడం నేరం.

అమెరికా కాంగ్రెస్ ఆగస్టు విరామంలో సభ్యుణ్ణి గోదాముకి పిలవడం వీటన్నిటికంటే బాగా పనిచేస్తుంది. చలిగదిలో నిండు హాఫ్-బ్యారెల్ కెగ్గు చూపించండి. 15.5 గ్యాలన్లు, 160 పౌండ్ల పైమాటే. దాన్ని రెండు చక్రాల బండి మీద ఒకసారి వంచి చూసిన మనిషికి డ్రైవర్ పని ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక పీఏసీ, అంటే సంఘం రాజకీయ నిధి. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. కంపెనీ చెక్కు ఫెడరల్ నిధికి పనికిరాదు, వ్యక్తిగత డబ్బే ఇవ్వాలి, ఏడాదికి గరిష్ఠంగా 5,000 డాలర్లు. సభ్య కంపెనీ ఇన్‌కార్పొరేట్ అయి, అంటే కార్పొరేషన్‌గా నమోదై, ఉంటే, దాని అధికారులని సంఘం చందా అడగడానికి ముందే ఆ కంపెనీ అనుమతి ఉండాలి. ఒక క్యాలెండర్ సంవత్సరంలో కంపెనీ అలాంటి అనుమతి ఒక్క వాణిజ్య సంఘానికే ఇవ్వగలదు. ట్రక్కుల సంఘానికి జనవరిలో సంతకం పెట్టేసి, మార్చిలో బీరు సంఘం ఫారం మీద కూడా పెడితే రెండోది చెల్లదు. అందుకే ఫారం ఇచ్చే ముందు "ఈ ఏడు ఇంకెవరికైనా ఇచ్చారా" అని అడగాలి. అడగదగ్గది వాటాదారులని, మేనేజర్ స్థాయి జీతగాళ్ళని, వాళ్ళ కుటుంబాలని; గంటల లెక్కన పనిచేసే డ్రైవర్లని కాదు. అకౌంట్సులోనో ఐటీలోనో మేనేజరుగా ఉన్న మనవాళ్ళ విషయంలో ఇంకొక్క మాట: గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు, హెచ్-1బీ మీద ఉంటే ఇవ్వకూడదు, తీసుకోకూడదు.

ఇంకో ప్రమాదం సొంత గదిలోనే ఉంటుంది. బడ్‌వైజర్ పంపిణీదారూ, మిల్లర్ పంపిణీదారూ రోజంతా ఒకే షెల్ఫు కోసం కొట్టుకుని, సాయంత్రం ఒకే కమిటీలో కూర్చుంటారు. కాఫీ బల్ల దగ్గర "వచ్చే నెల మేం కేసుకి ఇంత పెంచుతున్నాం" అని ఎవరైనా నోరు జారితే, పోటీదారులు ధరల మీద కుమ్మక్కయ్యారన్న యాంటీట్రస్ట్ కేసుకి అదే మొదలు కావచ్చు. అధ్యక్షుడు అక్కడికక్కడ ఆపాలి. ఆగకపోతే లేచి బయటికి వెళ్ళాలి, తన అభ్యంతరం మినిట్సులో రాయించాలి. పెద్ద సభ్యుడి మాట మధ్యలో తుంచలేనివాడికి ఆ కుర్చీ ఇవ్వకూడదు.

మరి ఎప్పుడు తగ్గాలి? నార్త్ కరోలినా సంగతి చూడండి. అక్కడ బ్రూవరీ ఏడాదికి 25 వేల బ్యారెళ్ళు దాటితే సొంతంగా పంపిణీ చేసుకునే హక్కు పోయేది. అంటే సుమారు 3 లక్షల 44 వేల కేసులు. దాటిన భాగమే కాదు, మొత్తం సరుకూ డిస్ట్రిబ్యూటరు చేతికి ఇవ్వాలి. షార్లట్‌లోని ఓల్డ్ మెక్లెన్‌బర్గ్, నోడా బ్రూవరీలు 2017లో కోర్టుకెళ్ళాయి. తీర్పు హోల్‌సేలర్ల వైపు వచ్చే అవకాశమూ ఉంది, కానీ ఎదురు తిరిగితే పోయేది ఆ ఒక్క పరిమితే కాకపోవచ్చు, మూడంచెల పద్ధతికే దెబ్బ తగిలే ప్రమాదం ఉండేది. చివరికి రెండు పక్షాలూ రాజీకొచ్చి, 2019లో చట్టం మార్పించుకున్నాయి: లక్ష బ్యారెళ్ళ లోపు తయారుచేసే బ్రూవరీ 50 వేల వరకు సొంతంగా పంచుకోవచ్చు. దావా వెనక్కి పోయింది. టెక్సస్‌లోనూ అదే ఏడాది, బ్రూవరీ నుంచి బీరు ఇంటికి పట్టుకెళ్ళే హక్కు మీద అక్కడి హోల్‌సేలర్ల సంఘాల్లో ఒకటి చిన్న బ్రూవరీల గిల్డుతో ఒప్పందం చేసుకున్నాకే దారి తెరుచుకుంది, అదీ మనిషికి రోజుకి ఒక కేసు పరిమితితో.

ఇలాంటి రాజీని బయట ఒప్పించడం తేలిక. సొంత సభ్యుల ముందు నిలబడి "సగం వదులుకున్నాం" అని చెప్పడం కష్టం. ఓటింగుకి ముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కొత్త పరిమితి వల్ల ఎవరి పుస్తకంలో ఎన్ని కేసులు తగ్గుతాయో వాళ్ళ అంకెలతోనే చెప్పాలి. బోర్డు మీటింగులో ఆ మాట మొదటిసారి విన్న సభ్యుడు కచ్చితంగా వ్యతిరేకంగానే ఓటేస్తాడు.